శవం లేని పుస్తకం

యాభయ్యో పేజీ దాటింది, ఇంకా ఒక్క శవం కూడా పడలేదు. ముత్తవ్వకు అక్కడే మండింది.

"ఏందే కళావతీ, గీ పుస్తకం మన శవాలాయన రాసిందేనా? అట్ట మీద పేరు మంచిగ చూసినవా?"

"ఆయనదే అవ్వా. వెనుక ఫోటో సుత ఉన్నది."

"మరి సచ్చినోడేడి?"

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లకు చేతుల నిండా పని ఉంటుంది గానీ చెవులు ఖాళీ. ఆ ఖాళీ చెవుల కోసం ముత్తవ్వ అరుగు మీద ఒక ఏర్పాటు ఉండేది. పదో తరగతి దాకా చదివిన కళావతి పుస్తకం పైకి చదవాలి. ఆమె చెయ్యాల్సిన బీడీల్లో కొన్ని మిగిలిన ఏడుగురూ చేసి పెట్టాలి. పొద్దున ఒక కట్ట, మాపున ఒక కట్ట ఆమె చాటలో వెయ్యాలి. వెయ్యనివాళ్లు చెవులు మూసుకుని కూర్చోవాలన్నది ముత్తవ్వ పెట్టిన చట్టం. ఆ చట్టాన్ని కాదనే మొనగత్తె ఆ వాడలో ఇంకా పుట్టలేదు.

పుస్తకాలు బస్టాండు దగ్గరి అద్దె దుకాణం నుంచి వచ్చేవి. రచయితల్లో వీళ్లకు నచ్చినవాడు ఒక్కడే. ఆయన అసలు పేరేదో పెద్దదే, కానీ అరుగు మీద ఆయన్ని శవాలాయన అనేవారు. ఏ పుస్తకం తీసినా పదో పేజీలోపల ఒక శవం పడాల్సిందే. తర్వాత ఆయన డిటెక్టివు వస్తాడు, పల్లీలు తింటూ అందర్నీ తలా ఒక ప్రశ్న అడుగుతాడు. అక్కడ కళావతి పుస్తకం మూసేది. హంతకుడెవరో ఒక్కొక్కరూ చెప్పాలి. సాయమ్మ ప్రతిసారీ వంటామె పేరే చెప్పేది. మూడేళ్లలో ఒకే ఒక్కసారి వంటామె నిజంగా హంతకురాలైంది. ఆనాటి నుంచి సాయమ్మను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

అలాంటి శవాలాయనకు ఈసారి ఏం పుట్టిందో ఏమో, గూఢచారి నవల రాసి పెట్టాడు. శవం లేదు, డిటెక్టివు లేడు, పల్లీలు అసలే లేవు. అద్దె పుస్తకాల ఆఖరి పేజీలో చదివినవాళ్లు తమ అభిప్రాయాలు రాయడం అలవాటు కదా, అక్కడ చూస్తే తిట్లే తిట్లు. "హంతకుడు లేని నవల ఉప్పు లేని పప్పు. ఇట్లు ఒక పాఠకుడు, మెట్‌పల్లి." దాని కింద ఇంకొకరు ఎర్ర సిరాతో "మా డిటెక్టివును ఏం చేసినారు సార్?" అని నిలదీశారు. ఇంకెవరో పెన్సిలుతో "హీరోయిన్ పర్వాలేదు" అని రాశారు.

"సగం దాకా వచ్చినం, కానియ్యి" అంది ముత్తవ్వ విసుగ్గా.

వీళ్లందరిలో ఏనాడూ హంతకుడి పేరు చెప్పనిది నీల ఒక్కతే. స్తంభానికి ఆనుకుని, తల వంచుకుని, ఆకు కత్తిరిస్తూ ఉండేది. ఆమె బుర్రలో అప్పటికే ఒక కేసు ఉంది. దానికి ఏ డిటెక్టివూ రాలేదు.

నీల పెనిమిటి ఏసయ్య. చర్చి వెనక వాడ వాళ్లది. సెంటు భూమి లేదు, ఉన్నదల్లా రెక్కలే. ఆ రెక్కలు పట్టుకుని ఏజెంటు లింబాద్రి వెంట గల్ఫుకు బయల్దేరాడు. బొంబాయిలో రెండు నెలలు పడిగాపులు పడ్డాడు. అక్కణ్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "రేపు విమానం ఎక్కుతున్న. ఇగ మీద నా పేరు ఎవ్వరి ముంగట తీయకు. అన్నీ లింబాద్రి చెప్తడు. పైలం." అంతే. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఒక్క ముక్క లేదు. లింబాద్రిని అడిగితే "అచ్చే నెల రాస్తడు తియ్" అనేవాడు. వాడలో మాత్రం ఎవరి నోటికొచ్చింది వాళ్లు అన్నారు. జైల్లో ఉన్నాడని ఒకరు, ఇంకొకత్తెను చేసుకున్నాడని ఒకరు. చచ్చిపోయాడన్న మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు. నీలను చూడగానే మాట మార్చేవారు. ఆమెకు అర్థమయ్యేది.

బీవండిలో మగ్గం నడిపే ఆమె అన్న కబురు పెట్టాడు. నెలాఖరుకు వస్తా, ఇంటికి తాళం వేసి నా వెంట రా, అక్కడ చేతికి పని దొరుకుతుంది అని. నెలాఖరుకు పన్నెండు రోజులుంది. తాళం వేసిన ఇంటికి ఉత్తరం వస్తే ఎవరు తీసుకుంటారు? నీలకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే.

కళావతి చదువుతోంది. గూఢచారి ఒక చచ్చిపోయిన వ్యాపారి పేరు పెట్టుకుని, ఆ వ్యాపారి కాగితాలతో పరదేశం చేరాడు. అక్కడి నుంచి ఉత్తరం రాశాడు. తన పెళ్లానికి కాదు, ఆ వ్యాపారి పెళ్లానికి. "పిల్లలు బాగున్నారా? వానలు పడ్డాయా?" అని.

"థూ! సిగ్గుండాలె" అంది ముత్తవ్వ. "ఎవని పెండ్లానికో ఉత్తరం రాసుడేంది? ఈ శవాలాయనకు మతి తప్పిందే."

అందరూ గొల్లున నవ్వారు. సాయమ్మయితే చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. నీల చేతిలో ఆకు నిలువునా చిరిగింది.

"అక్కా" అంది నీల. ఆ అరుగు మీద ఆమె నోరు విప్పడమే వింత. "గాయన ఆయన ఇంటికే రాయచ్చు గదా. ఎందుకు రాయడు?"

"ఎట్ల రాస్తడే? ఉత్తరాలు ఆడ ఆఫీసోళ్లు చూస్తరు. కాగితాల మీద ఉన్న ఇంటికే రాయాలె. వేరే ఇంటికి రాస్తే దొర్కిపోతడు గదా" అంది కళావతి.

నీల లేచి నిలబడింది. ఒళ్లోని ఆకు ముక్కలన్నీ కింద రాలిపోయాయి. "నా పేరు ఎవ్వరి ముంగట తీయకు" అన్న మాటకు పద్నాలుగు నెలల తర్వాత ఆమెకు అర్థం దొరికింది.

"అక్కా, మా ఆయన సుత వేరేటోళ్ల పేరు మీద పోయిండేమో. రాసిండేమో అక్కా! రాసుకుంటనే ఉన్నడేమో!"

మూడేళ్లుగా శవాల నవలలు చదివించుకున్న ఆడవాళ్లు వాళ్లు. ఆధారం కళ్లముందు పడితే గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? ముందుగా తేరుకున్నది ముత్తవ్వే.

"చాటలు తియ్యుండ్రే" అంది.

ఎనిమిది మందీ చాటలు, కత్తెరలు, తంబాకు సంచులతో పోయి లింబాద్రి ఇంటి గడపకు అడ్డంగా కూర్చున్నారు. అరవలేదు, తిట్టలేదు. బీడీలు చేసుకుంటూ కూర్చున్నారు, అంతే. లోపలివాళ్లు బయటికి రావాలంటే ఆకుల మీద నుంచి దాటాలి, దాటితే ముత్తవ్వ నోట్లో పడాలి. తంబాకు ఘాటుకు లింబాద్రి ఇంటిల్లిపాదీ తుమ్ములే తుమ్ములు.

మధ్యాహ్నానికి లింబాద్రి బయటికి రాక తప్పలేదు. "నీ మొగడు యాడున్నడో నాకేం తెల్సు పిల్లా? అచ్చే నెల రాస్తడంటి గద" అని పాత పాటే ఎత్తుకున్నాడు.

నీల ఈసారి ఆ ప్రశ్న అడగలేదు. తల ఎత్తి సూటిగా చూసింది.

"యాడున్నడని అడుగుతలేను. ఎవరి పేరు మీద తోలినవ్?"

లింబాద్రి ముఖం సున్నం కొట్టినట్టయింది. "మెల్లగ, మెల్లగ" అంటూ చుట్టూ చూశాడు. "పోలీసోళ్ల దాకా పోతే నీ మొగడే జైల్ల పడ్తడు, సోంచాయించుకో. గా వీసా ఎల్లారెడ్డిపేట ఎల్లేశం గౌడుది. గాయన పోలేదు. కాగితం ఖరాబైతదని ఫోటో మార్చి మీ ఆయనను తోలిన. ఉత్తరాలు గా ఇంటికే రాయమని చెప్పిన. నీకు చెప్తే నువ్వు ఎవరికన్న చెప్తవని..."

"అని ముండమోసిన దాన్ని చేసి కూసోవెట్టినవ్, ఆఁ?" అంది ముత్తవ్వ. ఆ తర్వాత ఆమె అన్నవి ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మర్నాడు పొద్దున్నే నీల, కళావతి బస్సెక్కారు. కళావతి ఆ రోజు వాటా బీడీలు అరుగు వాళ్లే చేస్తామన్నారు. వేములవాడలో ఒక బస్సు మారి, సిరిసిల్లలో ఇంకో బస్సు కోసం మగ్గాల చప్పుడు వింటూ గంటసేపు నిలబడ్డారు. దారి పొడుగునా నీల ఒకటే మాట. "ఉత్తరాలు ఉంటయంటవా అక్కా? చింపేస్తే?" కళావతి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఎల్లారెడ్డిపేటలో ఎల్లేశం గౌడు ఇల్లు అడిగితే, అందరూ అదోలా చూసి దారి చెప్పారు. ఇంటి ముందు ఒక ముసలమ్మ చింతపండు గింజలు తీస్తోంది. వెంకటవ్వ. ఎల్లేశం తల్లి.

"ఎల్లేశం ఉన్నడా అవ్వా?" అని అడిగింది కళావతి.

"లేడు బిడ్డా. తాడిచెట్టు మీంచి పడి పోయిండు. వీసా అచ్చిన వారానికే నడుముకు చుట్టుకునే మోకు తెగింది." ముసలమ్మ చేతులు ఆగలేదు. చింతగింజలు టకటకా గిన్నెలో పడుతూనే ఉన్నాయి. కాసేపటికి తలెత్తి నీలను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు కోరుట్ల నుంచి అచ్చినవా?"

నీల తలూపింది.

వెంకటవ్వ లోపలికి పోయి, గోడకు వేలాడుతున్న తోలు సంచి తీసుకొచ్చింది. కల్లుగీత కత్తులు పెట్టుకునే సంచి అది. అందులో ఇప్పుడు కత్తులు లేవు. తొమ్మిది ఉత్తరాలున్నాయి. ప్రతి ఉత్తరం పైనా మూలకు చిన్న సిలువ గుర్తు. చదువు రాని నీలకు ఆ గుర్తు చాలు. ఏసయ్య ఏ కాగితం మీదైనా ముందు అది గీసి గానీ మాట రాయడు. ఉత్తరాలను గుండెకు అదుముకుని ఆ గడపలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. బతికున్నాడు. ఆమె మొగుడు బతికున్నాడు.

"మొదటి ఉత్తరం అచ్చినప్పుడే నాకు తెల్సింది" అంది వెంకటవ్వ. "ప్రభువు నామమున వందనాలు అవ్వా అని రాసిండు. నా కొడుకు ఎల్లమ్మ తల్లి తప్ప ఇంకో పేరు ఎత్తనోడు. నా కొడుక్కు పెండ్లే కాలేదు, ఈ పిలగాడేమో కోరుట్లల బీడీలు చేసే నీ కోడలు మంచిగున్నదా, ఆమెకు ధైర్యం చెప్పు అంటడు. బడి పంతులు చదివి చెప్పిండు, పోయి ఆ పిల్లను ఎతికి ఇయ్యవే అని."

"మరి ఎందుకు రాలే?" నీల తలెత్తింది. ఏడుపు ఆగిన చోట కోపం లేచింది. "పద్నాలుగు నెల్లు అవ్వా! నేను రోజుకొక్కసారి సచ్చి బత్కిన. నీకు తెల్సి సుత ఎందుకు రాలే?"

"అచ్చిన బిడ్డా. రెండుసార్లు సిరిసిల్ల దాకా అచ్చిన. ఆడ బస్సు మారాలె. మారలే. మర్లిపోయిన." ముసలమ్మ ఖాళీ తోలు సంచిని ఒళ్లోకి లాక్కుంది. "నీకు ఇస్తే ఇగ నీకే రాస్తడు గద. నన్ను అవ్వా అని ఎవరు పిలుస్తరు? నా కొడుకు పేరు కింద రాసి ఉంటది ఆ కాగితాల మీద. ఎల్లేశం అని. తప్పు నాదే. తిట్టు, పడ్త."

నీల తిట్టలేదు. తిట్టడానికి నోరు రాలేదు, క్షమించడానికి మనసు రాలేదు. ఉత్తరాలు కొంగున మూటగట్టుకుని లేచింది. "నడువక్కా, పోదాం" అంది.

కళావతి కదల్లేదు. అన్నింటికన్నా కొత్త ఉత్తరం ఆమె చేతిలో ఉంది. అందులో చూపు ఇరుక్కుపోయింది.

"నీలా, జర కూసో. గిది వినాలె."

అందులో ఇలా ఉంది. "అవ్వా, జీతం ఇంకా చేతికియ్యలే, ఒక్కసారే ఇస్తమంటున్నరు. ఇన్ని దినాలు గోదాంల మూటలు మోసిన. ఇప్పుడు తోటలకు తోలిండ్రు. ఖర్జూర చెట్లు ఎక్కాలెనట. నీ కొడుకు చెట్లెక్కే మనిషి అని కాగితంల రాసి ఉన్నది గద. రాదు అంటే కుదరదు. గందుకే ఎక్కుతున్న. అలవాటు తప్పినట్టున్నది అవ్వా. కాళ్లు వణుకుతున్నయి. మొన్న సగం నుంచి జారిన. దేవుని దయవల్ల ఏం కాలే."

నిచ్చెన ఎక్కడానికే భయపడే మనిషి ఏసయ్య. చర్చికి సున్నం వేసేటప్పుడు కింద నిలబడి బకెట్లు అందించేవాడే గానీ ఏనాడూ పైకి ఎక్కలేదు. ఇప్పుడు ఆ మనిషి ఒక కల్లుగీత కార్మికుడి పేరు మోస్తూ చెట్లెక్కుతున్నాడు. పద్నాలుగు నెలలు దాచిన ముసలమ్మ మీది కోపం ఆ క్షణాన ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. వెంకటవ్వ రెండు చేతులూ పట్టుకుంది.

"అవ్వా, ఎట్ల ఎక్కాల్నో నీకు తెలుస్తది గద. చెప్పు అవ్వా. ఆయనకు చెప్పెటోళ్లు ఎవ్వరు లేరు."

"ఈ ఉత్తరం అచ్చినకాడి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు" అంది వెంకటవ్వ. "జవాబు ఏనాడు రాయలే. ఏమని రాయాలె, ఎవనికి రాయాలె అనుకున్న. ఇప్పుడు రాస్త. కాగితం తియ్ బిడ్డా."

కళావతి సంచిలోంచి కాగితం తీసింది. ముసలమ్మ లోపలి నుంచి పాత మోకు ముక్క ఒకటి తెచ్చింది. దాన్ని గుంజకు చుట్టి, ముడి వేసి, వెనక్కి వాలి చూపిస్తూ చెప్పింది.

"కొడుకా ఎల్లేశం అని రాయి. గట్లనే రాయాలె గద, దొర్కిపోతడు లేకుంటే. మోకు చెట్టుకు చుట్టినంక కింద నిలవడే నీ పెయ్యి బరువంత ఎనుకకు ఏసి గుంజి చూసుకో. పొద్దుగాల చెట్టు తడి ఉంటే ఎక్కకు. గాలి లేస్తే దిగుడే. పైకి చూడకు, కిందికి చూడకు, ముంగట మాను చూడు. ఎక్కేటప్పుడు మనిషి భయంతోటి ఎక్కుతడు, ఏం కాదు. దిగేటప్పుడే ఇల్లు యాదికస్తది. గప్పుడు పైలం."

కళావతి రాస్తోంది. వెంకటవ్వ చేతిలోని మోకు ముక్కను చాలాసేపు చూసింది.

"మోకు పాతదైతే ఎక్కకు. కొత్తది ఇయ్యమని సేటును అడుగు. ఇయ్యకుంటే, మా అవ్వ వద్దన్నదని చెప్పు. నీ పెండ్లాం నా తాన్నే కూసున్నది. మంచిగున్నది. అని రాయి."

కోరుట్లకు తిరిగొచ్చాక నీల బీవండికి పోనని చెప్పింది. అన్న వచ్చి, విషయం విని, చెల్లె తల నిమిరి ఒక్కడే తిరిగిపోయాడు. అరుగు మీద పుస్తకం మళ్లీ మొదలైంది. ఆఖరి పేజీలో గూఢచారి తన ఊళ్లో రైలు దిగాడు. వెనక నుంచి ఎవరో అతని సొంత పేరుతో పిలిచారు. అతను తిరిగి చూడలేదు. అంతటితో అయిపోయింది.

"గంతేనా?" అంది సాయమ్మ. "వంటామె సుత లేకపాయె."

ముత్తవ్వ మాత్రం ఏదో ఆలోచనలో ఉంది. "అవునే, గా పేరున్న యాపారి ఎప్పుడు సచ్చిండు?"

"పుస్తకం మొదలుగాక ముందే అవ్వా."

"మరింకేంది? శవం ఉన్నది. మొదటి పేజీ కన్న ముందే ఉన్నది. ఎవ్వలు చూడలే, ఎవ్వలు ఏడ్వలే, గంతే. గిది మెట్‌పల్లోని మాట కింద రాయి."

కళావతి ఆఖరి పేజీలో ఆ మాటలు రాసింది. కింద "ఇట్లు, ముత్తవ్వ, కోరుట్ల" అని పెట్టింది. తన పేరు అచ్చు పుస్తకంలో పడిందని ముత్తవ్వ ఆ రోజంతా కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం వెంకటవ్వ అరుగు ముందు ప్రత్యక్షమైంది. సిరిసిల్లలో బస్సు మారి మరీ వచ్చింది. చెమటకు తడిసిన రవికెలోంచి ఉత్తరం తీసి కళావతికి ఇచ్చింది. పంతులుతో కూడా చదివించుకోలేదట. నీల ఉన్నప్పుడే వినాలని మూసి ఉంచిందట.

ఎనిమిది జతల చేతులూ ఆగిపోయాయి. కళావతి గొంతు సవరించుకుంది.

"ప్రభువు నామమున వందనాలు అవ్వా. నువ్వు చెప్పినట్టే మోకు గుంజి చూసుకుంటున్న. పాతది మార్చమని సేటును అడిగిన. మా అవ్వ వద్దన్నది అని చెప్పిన. నవ్విండు గాని కొత్తది ఇచ్చిండు. ఇప్పుడు కాళ్లు వణుకుతలేవు. దిగేటప్పుడు నీ మాట యాదికస్తది. నీ పక్కన కూసున్నామెకు చెప్పు, మంచిగున్న అని. నీ కొడుకు ఎల్లేశం."

వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆఖరి మాట మల్లొకపారి చదువు బిడ్డా" అంది.

"నీ కొడుకు ఎల్లేశం" అని కళావతి మళ్లీ చదివింది. మూడోసారీ చదివింది, అడక్కుండానే.

సాయంత్రం చాటలు సర్దేటప్పుడు అలవాటు ప్రకారం ఒక్కొక్కరూ కళావతి చాటలో ఒక్కో కట్ట వేశారు. నీల రెండు కట్టలు వేసింది.

"ఇంకోటెందుకే?" అంది కళావతి.

"మా అత్త వాటా" అంది నీల. "ఆమెకు బీడీలు చేసుడు రాదు గద."